ఫోను ఎవరిది?

ఒక ఊరు అనుకుందాం. ప్రకాశం జిల్లాలో చీమకుర్తికి దగ్గర్లో ఉంది. ఊళ్లో అయిదో తరగతి వరకే బడి. హైస్కూలుకు ఆరు కిలోమీటర్లు పోవాలి. బస్సులో పోవాలి. బస్సు తప్పితే ఆటో.

ఆ ఊళ్లో ఒక ఇల్లు. తండ్రి గ్రానైట్ క్వారీలో పని చేస్తాడు. తల్లి కూలికి పోతుంది. పొదుపు సంఘంలో సభ్యురాలు. చిన్నప్పుడు బడికి పోలేదు. పెద్దయ్యాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దింది. ఇప్పుడు కూడబలుక్కుని చదువుతుంది. కూడికలు, తీసివేతలు వచ్చు. ఆమెకు ఇద్దరు పిల్లలు. అబ్బాయి తొమ్మిదో తరగతి. అమ్మాయి ఏడో తరగతి.

జూన్ నెల వచ్చింది. బళ్లు తెరిచారు. నోటు పుస్తకాలు కొన్నారు. అప్పుడు అబ్బాయి అడిగాడు.

"అమా, నాకు టచ్ ఫోను కొనియ్యి."

"ఇంట్లో ఉంది గదరా."

"అది మీది. నాకు నాది కావాలి. బడికి తీసుకుపోవాలి. క్లాసులో అందరికీ ఉంది."

"అందరికీ అంటే ఎంతమందికి? పేర్లు చెప్పు."

అబ్బాయి వేళ్లు మడిచాడు. తొమ్మిది పేర్లు వచ్చాయి. ఆ క్లాసులో పిల్లలు నలభై రెండు మంది.

"అందరికీ ఉంది" అనే మాట చాలా ఇళ్లల్లో వినబడుతుంది. నిజంగా ఎంతమందికి ఉంది? ప్రథమ్ అనే సంస్థ పల్లెల్లో ఇంటింటికీ పోయి పిల్లల చదువు ఎట్లా ఉందో చూస్తుంది. ఆ నివేదిక పేరు అసర్. 2024లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను ఫోను గురించి కూడా అడిగారు. నూటికి దాదాపు 90 మంది ఇళ్లల్లో టచ్ ఫోను ఉంది. నూటికి 82 మందికి దాన్ని వాడటం వచ్చు. వాడటం వచ్చినవాళ్లలో సొంత ఫోను ఎంతమందికి ఉంది? 14 ఏళ్లవాళ్లలో నూటికి 27 మందికి. 16 ఏళ్లవాళ్లలో నూటికి 38 మందికి. అంటే సొంత ఫోను లేనివాళ్లే ఎక్కువ.

ఇంకో ప్రశ్న కూడా అడిగారు. పోయిన వారంలో ఫోనుతో ఏం చేశారు? చదువుకు వాడామన్నవాళ్లు నూటికి 57 మంది. సోషల్ మీడియా చూశామన్నవాళ్లు నూటికి 76 మంది. 57 తక్కువ సంఖ్య కాదు. కాబట్టి ఫోనులో చదువే లేదనడం తప్పు. ఫోనంటే చదువే అనడమూ తప్పే.

ఫోను ఇంట్లోకి ఎట్లా వచ్చింది?

ఈ ఇంట్లోకి టచ్ ఫోను 2020లో వచ్చింది. ఆ ఏడాది మార్చిలో కరోనా వల్ల బళ్లు మూసేశారు. పాఠాలు టీవీలోకి, ఫోనులోకి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ లో దూరదర్శన్ సప్తగిరి పాఠాలు వేసింది. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ లోనూ, టీశాట్ లోనూ పాఠాలు వచ్చాయి. టీచర్లు వాట్సాప్ లో హోంవర్కు పంపారు. ఫోను లేని ఇంటి పిల్లలు పక్కింటి అరుగు మీద కూర్చున్నారు. అది చూడలేక ఎంతోమంది తల్లిదండ్రులు అప్పు చేసి ఫోను కొన్నారు. ఈ ఇంట్లోనూ అంతే. ఏడు వేల రూపాయల ఫోను. నెలనెలా వాయిదా కట్టారు.

ఒక ఫోను, ఇద్దరు పిల్లలు. పగలు తండ్రి దాన్ని క్వారీకి తీసుకుపోతాడు. సాయంత్రం ముందు వంతు అబ్బాయిది. అమ్మాయి వంతు వచ్చేసరికి ఛార్జింగ్ అయిపోయేది. ఆ రోజుల్లో అమ్మాయికి వెనకబడిన లెక్కలు ఇంకా పూర్తిగా అందలేదు. ఈ సంగతి ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

బళ్లు మళ్లీ తెరిచారు. పాఠాలు నల్లబల్ల మీదికి తిరిగి పోయాయి. ఫోను మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

కంతు డబ్బు

ఆ తల్లి ఖాతాలో 3,150 రూపాయలు ఉన్నాయి. అయిదో తారీఖున సంఘం కంతు కట్టాలి. కంతు 2,500.

రెండో తారీఖు రాత్రి ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది. మూడు మెసేజిలు ఉన్నాయి. ఇంగ్లీషులో ఉన్నాయి. ఆమెకు ఇంగ్లీషు రాదు. కాని అంకెలు వచ్చు. తెలుగు పుస్తకంలో అంకెలూ, ఇంగ్లీషు మెసేజిలో అంకెలూ ఒకటే.

449. 799. 799.

రాత్రి బడిలో ఒకసారి ఇంగ్లీషు అక్షరాలు రెండు చూపించారు. బ్యాంకు మెసేజిలో డెబిట్ అని ఉంటే డబ్బు పోయినట్టు. క్రెడిట్ అని ఉంటే వచ్చినట్టు. డెబిట్ మాట మొదటి అక్షరం విల్లుకు నారి కట్టినట్టు ఉంటుంది. క్రెడిట్ మాట మొదటి అక్షరం నెలవంకలా ఉంటుంది. ఆమె వెతికింది. మూడు మెసేజిల్లోనూ విల్లే కనబడింది.

పలక తీసుకుని కూడింది. 2,047 రూపాయలు. 3,150 లోంచి తీసేస్తే 1,103 మిగిలాయి. కంతుకు ఇంకా 1,397 కావాలి.

భర్తను అడిగింది. "నేను తియ్యలేదు" అన్నాడు. అబ్బాయిని పిలిచింది. వాడు తల వంచుకున్నాడు. వాడు ఒక తుపాకీ ఆట ఆడతాడు. ఆట ఉచితం. కాని అందులో బొమ్మకు మంచి బట్టలు కావాలంటే డబ్బు కట్టాలి. తుపాకీకి రంగు కావాలంటే డబ్బు కట్టాలి. కట్టనివాణ్ణి తోటి పిల్లలు ఎగతాళి చేస్తారు.

"పిన్ నీకెట్లా తెలుసు?"

"నాయనే చెప్పాడు. రీఛార్జి నేనే చేస్తాగదా."

తండ్రి చెయ్యెత్తాడు. తల్లి అడ్డం పోయింది. "వాణ్ణి కొడితే డబ్బు రాదు. పిన్ చెప్పింది నువ్వు. నేను ఎవరితో చెప్పుకోవాలి?" అంది.

ఆమె కూలి రోజుకు 300 రూపాయలు. అంటే దాదాపు ఏడు రోజుల కూలి ఆటలో పోయింది. కంతు ఆగితే ఆమె ఒక్కదానికే కాదు, సంఘం మొత్తానికి చెడ్డపేరు. పక్కింటామె దగ్గర 1,400 చేబదులు తీసుకుని కట్టింది. తీర్చడానికి నెల పట్టింది.

అబ్బాయి దొంగా? కాదు. ఆ ఆట తయారు చేసినవాళ్లు పెద్దపెద్ద చదువులు చదివినవాళ్లు. పిల్లవాడు ఎప్పుడు ఆశపడతాడో, ఎప్పుడు ఉడుక్కుంటాడో వాళ్లకు తెలుసు. సరిగ్గా అప్పుడే డబ్బు అడుగుతారు. పద్నాలుగేళ్లవాడు వాళ్లతో గెలవలేడు. చాలామంది పెద్దవాళ్లే గెలవలేకపోయారు. రమ్మీ లాంటి ఆటల్లో ఇళ్లు గుల్ల చేసుకున్నవాళ్లు ఉన్నారు. అందుకే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బు పందెం కట్టే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధం. కాని ఈ అబ్బాయి ఆడింది పందెం కాదు. ఆటలో వస్తువులు కొన్నాడు. ఆ చట్టం పందేనికే. ఇట్లాంటి కొనుగోళ్లను ఇంట్లో పెద్దలే ఆపాలి.

ఇక్కడ ఒక విషయం తెలుసుకోవాలి. మన దేశంలో సిమ్ కార్డు 18 ఏళ్లు నిండినవాళ్లకే ఇవ్వాలి. కాబట్టి పిల్లవాడి చేతిలో ఉన్న ఏ ఫోనులోనైనా సిమ్ ఎవరో ఒక పెద్దమనిషి పేరునే ఉంటుంది. "ఇది నా ఫోను" అని పిల్లవాడు అనొచ్చు. ఆ నంబరుతో ఏదైనా తప్పు జరిగితే పోలీసులు ముందు వచ్చి అడిగేది సిమ్ ఎవరి పేరున ఉందో వాళ్లనే.

బడిలో మీటింగు

జూలైలో హైస్కూల్లో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. ఫోను మాటే ముందుకొచ్చింది. హెడ్మాస్టరు ప్రభుత్వ ఉత్తర్వు గురించి చెప్పాడు. 2023 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఉత్తర్వు ఇచ్చింది. పిల్లలు బడికి సెల్ ఫోను తేకూడదు. టీచర్లు కూడా పాఠం చెప్పేటప్పుడు ఫోను వాడకూడదు. క్లాసుకు పోయేముందు హెడ్మాస్టరు గదిలో పెట్టాలి.

"టీచర్లకు కూడానా?" అని ఒకాయన నవ్వాడు.

"ముందు మాకే ఉండాలి గదా పెదనాన్నా" అంది లెక్కల టీచరు.

ఇంకొకాయన లేచాడు. "2022 డిసెంబరులో ప్రభుత్వమే ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చింది. అప్పుడు మంచిదైంది, ఇప్పుడు చెడ్డదైందా?"

ప్రశ్న న్యాయమైందే. టీచరు ఇట్లా చెప్పింది. "ట్యాబ్ లో ఏ పాఠాలు ఉండాలో ముందే పెట్టి ఇచ్చారు. మీరు కొనిచ్చే ఫోనులో ఏం ఉండాలో ఎవరు చూస్తారు? మీరు చూస్తారా?" ఆయన కూర్చున్నాడు.

టీచరు ఇంకా చెప్పింది. యునెస్కో అనే ప్రపంచ సంస్థ 2023లో ఒక నివేదిక ఇచ్చింది. చదువుకునే పిల్లవాడి మనసు ఒకసారి ఫోను వైపు పోతే, మళ్లీ పాఠం మీద నిలవడానికి 20 నిమిషాల దాకా పట్టవచ్చని అందులో ఉంది. పీరియడ్ 45 నిమిషాలు అనుకోండి. జేబులో ఫోను ఒక్కసారి గుర్రుమంటే దాదాపు సగం పీరియడ్ పోయినట్టే. ఫోను మోగకపోయినా, "ఎవరైనా మెసేజి పెట్టారేమో" అన్న ధ్యాస ఉండనే ఉంటుంది. బెల్జియం, స్పెయిన్, బ్రిటన్ దేశాల్లో కొన్ని చోట్ల బడిలోంచి ఫోన్లు తీసేస్తే చదువు మెరుగుపడిందని కూడా ఆ నివేదిక చెప్పింది. ఎక్కువ మేలు జరిగింది బాగా చదివే పిల్లలకు కాదు, వెనకబడిన పిల్లలకు. మన పల్లె బళ్లకు ఈ మాట ముఖ్యం. బాగా చదివే పిల్లవాడు ఎట్లాగో నెగ్గుకొస్తాడు. ఇంట్లో చదువు చెప్పేవాళ్లు లేని పిల్లకు ఆ 45 నిమిషాలే దిక్కు.

ఫ్రాన్సు దేశం 2018లోనే చట్టం చేసింది. చిన్న బళ్లలో, సుమారు 15 ఏళ్ల దాకా చదివే బళ్లలో పిల్లలు ఫోను వాడకూడదు. 2025 జనవరిలో బ్రెజిల్ కూడా చట్టం చేసింది. ఫోన్లు బాగా దొరికే దేశాలే బడిలో వద్దనుకుంటున్నాయి.

అయితే ఇంకో వైపు కూడా చూడాలి. ఇంగ్లండులో 30 హైస్కూళ్లను పరిశీలించి 2025లో ఒక అధ్యయనం బయటపెట్టారు. కొన్ని బళ్లలో ఫోను నిషేధం. కొన్నింటిలో అనుమతి. రెండు రకాల పిల్లల మానసిక ఆరోగ్యంలో పెద్ద తేడా లేదు. రోజు మొత్తం మీద ఫోను చూసే సమయంలోనూ పెద్ద తేడా లేదు. ఎందుకు? బడిలో చూడనిది ఇంటికి పోయి చూస్తున్నారు. కాబట్టి "బడిలో ఆపారు, ఇక మన పని అయిపోయింది" అనుకునే తల్లిదండ్రులు పొరబడుతున్నారు.

దారిలో ఏమైనా అయితే?

మీటింగులో ఒక తల్లి లేచింది. అప్పటిదాకా ఆమె మాట్లాడలేదు.

"మా అమ్మాయి సాయంత్రం ఆరింటికి గాని ఇల్లు చేరదు. శీతాకాలం ఆరింటికే చీకటి. బస్సు రాలేదనుకోండి. నాకెట్లా తెలుస్తుంది? ఫోను వద్దని చెప్పడం తేలిక. రోడ్డు మీద నిలబడేది మా పిల్ల."

ఆమె మాట తోసెయ్యడానికి లేదు. ఫోను కావాలనే తల్లిదండ్రుల్లో చాలామంది అడిగేది దీనికోసమే. పిల్ల ఎక్కడుందో తెలియాలి. మాట్లాడాలి. దానికి టచ్ ఫోను అవసరం లేదు. బటన్ల ఫోను చాలు. అందులో ఆటలకు డబ్బు కట్టే పని ఉండదు. రీల్సు రావు. బడికి తేవద్దంటే? ఆ మీటింగులోనే దారి దొరికింది. బస్సు స్టాపు దగ్గర కిరాణా కొట్టు ఉంది. దూరం నుంచి వచ్చే పిల్లల బటన్ల ఫోన్లు పొద్దున కొట్టులో ఇస్తారు. సాయంత్రం తీసుకుంటారు. బడి జరిగే సమయంలో కబురు చెప్పాలంటే హెడ్మాస్టరు గది ఫోనుకు చెయ్యాలి. పిల్ల బడికి రాకపోతే పది గంటల్లోపు బడి నుంచే ఇంటికి ఫోను పోవాలి. ఈ చివరి మాట తల్లులు పట్టుబట్టి రాయించారు. ఇవి ఆ ఊరి ఏర్పాట్లు. మీ ఊళ్లో కొట్టు బదులు ఇంకేదైనా ఉండొచ్చు.

ఒక పని మాత్రం ఎక్కడైనా చెయ్యొచ్చు. ఇంటి నంబరు పిల్లకు నోటికి రావాలి. ఇప్పటి పిల్లలకు పేరు నొక్కడమే తెలుసు. ఫోను పోతే అమ్మ నంబరు కూడా చెప్పలేరు. ఎక్కాలు వల్లించినట్టు పది అంకెలూ వల్లింపించండి.

అన్నకు ఒకటి, చెల్లెలికి ఒకటా?

ఇంటికి వచ్చాక తండ్రి అన్నాడు. "అబ్బాయికి వచ్చే ఏడు పదో తరగతి. వాడికి కొందాం. అమ్మాయికి ఫోను వద్దు. ఆడపిల్ల చేతిలో ఫోను మంచిది కాదు."

అమ్మాయి పళ్లెం కడుగుతోంది. అక్కడినుంచే అంది. "డబ్బు పోగొట్టింది అన్న. ఫోను వద్దంటే నాకా?"

ఎవరూ జవాబు చెప్పలేకపోయారు.

ఇది ఈ ఒక్క ఇంటి సంగతి కాదు. అసర్ లెక్కల్లో ఫోను వాడటం వచ్చిన మగపిల్లల్లో నూటికి 36 మందికి సొంత ఫోను ఉంది. ఆడపిల్లల్లో 27 మందికే. ఫోను చెడ్డదైతే ఇద్దరికీ చెడ్డది. మంచిదైతే ఇద్దరికీ మంచిది. ఆడపిల్లకు ఫోను వాడటం రాకపోతే రేపు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా, డబ్బు పంపాలన్నా ఇంకొకరి చెయ్యి చూడాలి. వాళ్ల అమ్మ ఇన్నాళ్లూ వేలిముద్ర వేసి ఇంకొకరి చెయ్యి చూసినట్టే.

ఆడపిల్ల విషయంలో భయం ఒకటి ఉంది. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు స్నేహమంటాడు. ఫోటో పంపమంటాడు. తర్వాత ఆ ఫోటో చూపించి బెదిరిస్తాడు. ఇది జరుగుతోంది. మగపిల్లలకు కూడా జరుగుతోంది. అయితే మగపిల్లవాడికి జరిగితే తిట్టి ఊరుకుంటారు. ఆడపిల్లకు జరిగితే బడి మాన్పిస్తారు. సంబంధాలు చూస్తారు. 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయడం నేరమని చట్టం చెబుతున్నా ఆగరు. బెదిరించినవాడు తప్పించుకుంటాడు. శిక్ష పిల్లకు పడుతుంది. ఇంతకంటే అన్యాయం లేదు. "చదువు మాన్పిస్తారు" అనే భయంతోనే పిల్లలు ఇంట్లో చెప్పరు. చెప్పరు కాబట్టే వాడు ఇంకా బెదిరిస్తాడు. పిల్లలను ఇట్లా వేధించేవాళ్ల మీద 2012 పోక్సో చట్టం ఉంది. ఫోటో పంపిన పిల్ల నేరస్తురాలు కాదు. మెసేజిలు చెరిపెయ్యకుండా దాచి, పోలీసులకు చూపించాలి.

ఆ రాత్రి ఏం అనుకున్నారు?

ఆ ఇంట్లో కొత్త ఫోను కొనలేదు. ఉన్న ఫోను తల్లిది అయింది. సిమ్ ఆమె పేరున ఉంది. ఖాతా ఆమెదే. పిన్ ఆమె మార్చుకుంది. భర్తకు కూడా చెప్పలేదు. ఆయన రెండు రోజులు అలిగాడు. చిన్నచిన్న మొత్తాలకు పిన్ అడగకుండానే డబ్బు పోయే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని బ్యాంకు మిత్ర చేత తీయించింది.

సాయంత్రం పిల్లలకు చెరో ముప్పావు గంట. ఒక రోజు అమ్మాయి ముందు, ఒక రోజు అబ్బాయి ముందు. గోడ మీద గడియారం కింద కూర్చుని చూడాలి. మూల గదిలోకి తీసుకుపోకూడదు. తొమ్మిది గంటలకు ఫోను ఛార్జింగ్ పెట్టి వంటింటి గూట్లో పెడతారు. పదో తరగతి పాఠాలు ఫోనులో ఉంటే అదనంగా అరగంట. ఏ పాఠమో చెప్పి తీసుకోవాలి.

తండ్రికి క్వారీకి బటన్ల ఫోను వచ్చింది. అన్నం తినేటప్పుడు రీల్సు చూసే అలవాటు ఆయనదే. ఆ మాట అమ్మాయే ఎత్తింది. తండ్రి నవ్వి ఊరుకున్నాడు. రెండు రోజులకు సర్దుకున్నాడు.

అబ్బాయి ఒప్పుకున్నాడా? పూర్తిగా ఒప్పుకోలేదు. ఇప్పటికీ గొణుగుతాడు. స్నేహితుడి ఫోనులో ఆడి వస్తాడు. తల్లికి తెలుసు. అయితే ఖాతాలో డబ్బు కదిలితే ఆమెకు ముందు తెలుస్తుంది. మెసేజి వచ్చిన ప్రతిసారీ తీసి చూస్తుంది. ఇప్పుడు విల్లుకూ నెలవంకకూ పక్కన ఇంకో నాలుగు అక్షరాలు నేర్చుకుంది. నేర్పింది అమ్మాయి.

రాసి గోడకు అంటించండి

1930 : ఫోను ద్వారా డబ్బు మోసం జరిగితే. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.
1098 : పిల్లలకు ఏ ఆపద వచ్చినా. పిల్లలే చెయ్యవచ్చు.
112 : పోలీసు, అంబులెన్సు, ఫైర్ సాయం కోసం.
మీ పిల్లల బడి హెడ్మాస్టరు గది నంబరు : ....................

మాట్లాడుకోండి

మీ ఇంట్లో ఫోను సిమ్ ఎవరి పేరున ఉంది? డబ్బు పిన్ ఎంతమందికి తెలుసు? ఫోను మీ అమ్మాయి చేతికి రోజులో ఎప్పుడు వస్తుంది? మీ పిల్ల బడికి రాకపోతే మీకు ఎన్ని గంటలకు తెలుస్తుంది? తెలియకపోతే, బడికి ఏమని ఉత్తరం రాస్తారు? పలక మీద రాసి చూడండి.